పెట్టె మూత తీసిన తల్లిని మా పిల్లలకు చూపించండి

జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల కలెక్టర్లకు,



మీ ముగ్గురికీ కలిపి ఒకే ఉత్తరం రాస్తున్నాను. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు వచ్చేదాకా ఈ మూడింటిలో చాలా భాగం ఒకే వరంగల్ జిల్లా. ఆఫీసులు వేరయ్యాయి గానీ మా పిల్లల బతుకులు వేరు కాలేదు. అదే తండా, అదే హాస్టలు, పదో తరగతి కాగానే అదే పెళ్లి మాట.

అడగదలచింది ముందే చెబుతాను. మీ జిల్లాల్లోని కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాల్లో, గురుకులాల్లో చదివే ఆడపిల్లలకు ఒక పాత ఇంగ్లిష్ సినిమా చూపించండి. పేరు ‘నేషనల్ వెల్వెట్’. 1944లో ఎం.జి.ఎం. సంస్థ తీసింది, క్లారెన్స్ బ్రౌన్ దర్శకత్వం వహించాడు. గుర్రప్పందేల సినిమా. పిల్లలతోపాటు వాళ్ల తల్లులను కూడా పిలిపించండి. తల్లులు రాకపోతే ఈ పని సగమే అయినట్టు.

నేను మహబూబాబాద్‌లో, అంటే మా మానుకోటలో ఉండే విశ్రాంత ఉపాధ్యాయురాలిని. ఎన్నో ఏళ్లు ఆడపిల్లలకు చదువు చెప్పాను. ఏడో తరగతిలో ఖోఖో కోర్టులో అందరికంటే ముందు లేచి పరుగెత్తే పిల్ల తొమ్మిదో తరగతికి వచ్చేసరికి గోడ పక్కన చున్నీ సర్దుకుంటూ నిలబడడం ప్రతి బ్యాచ్‌లో చూశాను. ఆ పిల్లను ఎవరూ తిట్టి ఉండరు, కొట్టి ఉండరు. పరుగెత్తడానికి నీకూ హక్కుందని ఇంట్లో ఒక్కరు కూడా అని ఉండరు, అంతే. ఆ ఒక్క మాట అనే తల్లి ఈ సినిమాలో ఉంది. అందుకే ఈ ఉత్తరం.

కథ ఇంగ్లండులో, సముద్రం ఒడ్డున ఉన్న చిన్న ఊళ్లో నడుస్తుంది. వెల్వెట్ బ్రౌన్‌కు పన్నెండేళ్లు. తండ్రిది మాంసం కొట్టు. ఇద్దరు అక్కలు, ఒక చిన్న తమ్ముడు. ఈ పిల్లకు గుర్రాలంటే ప్రాణం. రాత్రి మంచంలో పడుకొని కాళ్లకు తాడు కట్టుకొని, అదే కళ్లెం అనుకొని సవారీ చేస్తుంది. ఎవరికీ లొంగని ఒక గుర్రాన్ని యజమాని లాటరీలో పెడితే అది వెల్వెట్‌కే తగులుతుంది. దాన్ని అందరూ ‘పై’ అంటారు. ఆ ఇంట్లో పనికి కుదిరిన మై టేలర్ అనే కుర్రాడు ఒకప్పుడు జాకీ. పందెంలో జరిగిన ఒక ప్రమాదం మనసులో పెట్టుకొని గుర్రాల జోలికే పోనంటాడు. అలాంటివాడు ఒకరోజు పై ఎత్తైన రాతి గోడను దూకడం చూసి, అది దూకిన దూరాన్ని అడుగులతో కొలుస్తాడు. అక్కడి నుంచి ఇద్దరి బుర్రలోకీ ఒకే ఆలోచన దూరుతుంది. గ్రాండ్ నేషనల్.

గ్రాండ్ నేషనల్ అంటే మామూలు పందెం కాదు. లివర్‌పూల్ దగ్గర ఎయింట్రీ మైదానంలో 1839 నుంచి నడుస్తోంది. నాలుగు మైళ్లకు పైగా దూరం, దూకాల్సిన కంచెలు 30. బరిలో దిగిన గుర్రాల్లో చివరిదాకా వచ్చేవి తరచూ తక్కువే. అందులోకి ఒక మాంసం కొట్టు వాళ్ల గుర్రాన్ని పంపాలంటే ప్రవేశ రుసుము నూరు బంగారు కాసులు.

ఇక్కడే ఆ తల్లి ముందుకొస్తుంది. ఆమె పేరు అరమింటీ బ్రౌన్. సినిమాలో అప్పటిదాకా పెద్దగా మాట్లాడదు. కొట్టు లెక్కలు చూస్తుంది, వంట చేస్తుంది, భర్త చిరాకు పడితే ఒక్క మాటతో చల్లారుస్తుంది. ఒకరోజు కూతుర్ని ఇంటి పైగదిలోకి తీసుకెళ్లి పాత పెట్టె మూత తీస్తుంది. అందులో పత్రికల కత్తిరింపులు, వాటితోపాటు నూరు బంగారు కాసులు. పెళ్లికి ముందు ఆమె ఇంగ్లిష్ చానల్‌ను ఈదిన మనిషి. ఆ పందెం సొమ్మును అన్నేళ్లు ముట్టుకోలేదు. కొట్టుకు పెట్టలేదు, ఇంటికి పెట్టలేదు, ముగ్గురు ఆడపిల్లల్లో ఎవరి పెళ్లి పేరా రాయలేదు. ఇప్పుడు ఆ పిచ్చి కోరిక కోసం తీసి కూతురి చేతిలో పెడుతుంది. ఒక మనిషికి జీవితంలో ఒక్కసారైనా ఊరంతా వెర్రి అనుకునే పని చేసే అవకాశం దొరకాలని ఆమె నమ్మకం. గెలిచినా ఓడినా ఒకేలా ఉండాలని, ఈ పందెం అయిపోయాక తర్వాతి పనికి సిద్ధపడాలని కూడా అప్పుడే చెబుతుంది. కన్నీళ్లు లేవు, ఉపన్యాసం లేదు.

కలెక్టర్ గారూ, మన ఇళ్లల్లోనూ అలాంటి పెట్టెలున్నాయి. బీరువా అడుగున చీర మడతల్లో దాచిన సొమ్ము ఉంది. పత్తి ఏరిన కూలి, సంఘంలో పొదుపు చేసిన డబ్బు, తల్లిగారింటి నుంచి తెచ్చుకున్న పుస్తెల బంగారం. ఆ సొమ్మంతా దేనికని ఏ తల్లిని అడిగినా పిల్ల పెళ్లికనే చెబుతుంది. కల్యాణలక్ష్మి కింద ప్రభుత్వం కూడా పెళ్లికి లక్షా నూటపదహారు రూపాయలు ఇస్తోంది. పేదింటికి అది పెద్ద ఆసరా, దాన్ని నేను తక్కువ చేయను. కానీ అదే పిల్లకు పదమూడో ఏట స్పైక్ బూట్లు కావాలంటే, జిల్లా పోటీలకు వెళ్లడానికి బస్సు చార్జీలు కావాలంటే ఆ బీరువా తలుపు తెరుచుకోదు. ఆ తలుపు తెరిచిన తల్లి ఎలా ఉంటుందో ఎప్పుడూ చూడకపోవడం దానికి ఒక పెద్ద కారణమని నా నమ్మకం.

తెరిచిన తల్లిదండ్రులు మన పక్కనే ఉన్నారు. వరంగల్ జిల్లా పర్వతగిరి మండలం కల్లెడలో పుట్టిన జీవాంజి దీప్తి 2024 మే నెలలో జపాన్‌లోని కోబెలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్‌లో 400 మీటర్లు 55.07 సెకన్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డుతో బంగారు పతకం గెలిచింది. అదే ఏడాది సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. మేధోపరమైన వైకల్యంతో పుట్టిన ఈ పిల్లను ఎక్కడైనా వదిలేయండని కొందరు సలహా ఇచ్చారని ఆ తల్లిదండ్రులు పత్రికలవాళ్లకు చెప్పుకున్నారు. కూలి చేసుకునే ఆ ఇద్దరూ వదల్లేదు. నాగపురి రమేశ్ కోచ్‌గా దొరికారు. సినిమాలో వెల్వెట్ వెనుక తల్లీ, మై టేలరూ ఎలా నిలబడ్డారో ఇక్కడ ఆ ఇద్దరూ, ఆ కోచ్‌గారూ అలా నిలబడ్డారు. కల్లెడ నుంచి మానుకోటకు ఎంత దూరమని? అయినా మా హాస్టళ్లలో దీప్తి ఫొటో గోడ మీద ఉంటుంది గానీ, ఆమె అమ్మానాన్నల ధైర్యం గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. సన్మానాలన్నీ పతకం వచ్చాక మొదలవుతాయి. ఆ ఇంట్లో నిర్ణయం జరిగింది అంతకు ఎన్నో ఏళ్ల ముందు.

మళ్లీ సినిమాలోకి వస్తాను. పందేనికి కుదుర్చుకున్న జాకీకి ఆ గుర్రం మీద నమ్మకం లేదు. అది వెల్వెట్ కనిపెడుతుంది. నమ్మకం లేనివాడు ఎక్కితే పై ఓడిపోతుందని తనే జుట్టు కత్తిరించుకొని, జాకీ పట్టు చొక్కా తొడుక్కొని మగపిల్లవాడిలా బరిలోకి దిగుతుంది. గెలుస్తుంది. గెలిచి, అలసటతో గుర్రం మీద నుంచి పడిపోతుంది. డాక్టరు చూసేసరికి ఆడపిల్లని తేలిపోతుంది, గెలుపు చెల్లదంటారు. ఈ సినిమా గొప్పతనమంతా ఆ తర్వాత కనిపిస్తుంది. కప్పు చేజారినందుకు వెల్వెట్ ఏడవదు. ఆమె పరుగెత్తించింది కప్పు కోసం కాదు, పై ఎలాంటి గుర్రమో లోకానికి తెలియాలని. ఆ పని అయిపోయింది. హాలీవుడ్ పిలిచినా, డబ్బు కురిపిస్తామన్నా వెళ్లనంటుంది. జనం గుంపులుగా వచ్చి తేరిపార చూస్తుంటే గుర్రానికి ఏం అర్థమవుతుందని ఆమె బాధ.

చివరికి పిల్లను మళ్లీ ఇంట్లోనే కూర్చోబెట్టారు కదా అని కొందరు విమర్శిస్తారు. చదువుకున్న మీరు కూడా అనవచ్చు. నాకలా అనిపించదు. వద్దు అని చెప్పింది ఆమె. తండ్రికి ఆ డబ్బు మీద ఆశ పుట్టింది, అయినా చివరి మాట పన్నెండేళ్ల పిల్లదే అయింది. మన ఇళ్లలో పన్నెండేళ్ల పిల్ల మాట ఎక్కడిదాకా వెళుతుందో మీకు తెలుసు.

సినిమా బయట జరిగిన చరిత్ర కూడా పిల్లలకు చెప్పాలి. రెండో ప్రపంచయుద్ధం వల్ల 1941 నుంచి 1945 దాకా గ్రాండ్ నేషనల్ అసలు జరగనే లేదు. అంటే ఈ సినిమా తీస్తున్నప్పుడు ఎయింట్రీలో గుర్రాలు లేవు. ఎక్కడో కాలిఫోర్నియాలో, లేని పందేన్ని కెమెరా ముందు పరుగెత్తించారు. వెల్వెట్‌గా నటించిన ఎలిజబెత్ టేలర్‌కు అప్పుడు పన్నెండేళ్లే. సినిమాలోని గుర్రాన్ని తర్వాత ఆమెకే బహుమతిగా ఇచ్చేశారు. కథకు మూలం ఎనిడ్ బాగ్నోల్డ్ అనే రచయిత్రి 1935లో రాసిన నవల. నవల వచ్చే నాటికే గర్ట్రూడ్ ఎడర్లీ 1926లో ఇంగ్లిష్ చానల్ ఈదిన తొలి మహిళ అయింది. మన ఆరతీ సాహా 1959లో ఈది, ఆసియాలోనే తొలి మహిళగా నిలిచింది. ఇలా చూస్తే కథలో తల్లి చేసింది అప్పటికే జరిగిన పని. కూతురు చేసిన పని జరగడానికే ఎన్నో ఏళ్లు పట్టింది. బ్రిటన్‌లో 1975లో లింగ వివక్షను నిషేధించే చట్టం వచ్చాక, 1977లో షార్లట్ బ్రూ గ్రాండ్ నేషనల్‌లో పాల్గొన్న తొలి మహిళ అయింది. పందెం పూర్తి చేయలేకపోయింది. 2021 ఏప్రిల్ 10న ఐర్లండ్‌కు చెందిన రేచల్ బ్లాక్‌మోర్ ‘మినెల్లా టైమ్స్’ అనే గుర్రం మీద గెలిచింది. కరోనా వల్ల ఆ రోజు మైదానంలో ప్రేక్షకులే లేరు. సినిమా వచ్చిన 77 ఏళ్లకు వెల్వెట్ గెలుపు చెల్లుబాటైందన్నమాట.

భూపాలపల్లి పిల్లలకు ఇది చెప్పేటప్పుడు సింగరేణి గురించి కూడా చెప్పించండి. 1952 నాటి గనుల చట్టం ఆడవాళ్లను భూగర్భ గనుల్లోకి దిగనివ్వలేదు. 2019లో కేంద్రం సాంకేతిక, పర్యవేక్షణ పనుల్లో ఆ ఆంక్ష సడలించింది. తండ్రి మొదటి షిఫ్టుకు వెళ్లడం చూస్తూ పెరిగిన బిడ్డ ఇవాళ మైనింగ్ ఇంజినీరింగ్ చదివి అదే గనిలో దిగవచ్చు. ఆ సంగతి భూపాలపల్లి హాస్టళ్లలో ఎంతమంది పిల్లలకు చెప్పాం?

మగవేషం వేసుకొని గుర్రమెక్కిన ఆడబిడ్డ మనకు కొత్త కాదు. రుద్రమదేవి శాసనాల్లో ‘రుద్రదేవ మహారాజు’గా ఉంది. 1289 నాటి చందుపట్ల శాసనం ఆమె మరణాన్ని చెబుతోంది. వరంగల్ దగ్గర బొల్లికుంటలో దొరికిన రెండు శిల్పాలు ఆమెవేనని పురావస్తు శాఖవారు 2017లో ప్రకటించారు. ఒకదానిలో ఆమె గుర్రం మీద, మగ దుస్తుల్లో, తల మీద రాజఛత్రంతో కనిపిస్తుంది. గుణశేఖర్ ‘రుద్రమదేవి’ 2015లో వచ్చింది, మన పిల్లలు చూశారు, కేరింతలు కొట్టారు. అయినా నేను వెల్వెట్‌నే ఎందుకు అడుగుతున్నానంటే, రుద్రమ రాజుగారి బిడ్డ. ఆమె గుర్రమెక్కకపోతే రాజ్యమే పోతుంది. వెల్వెట్ గుర్రమెక్కకపోయినా లోకానికి ఏ నష్టమూ లేదు, మాంసం కొట్టు మరునాడు తెరుచుకుంటుంది. రాజ్యం ఆపదలో ఉన్నప్పుడు ఆడపిల్ల సాహసాన్ని ఏ ఊరైనా మెచ్చుకుంటుంది. ఏ అవసరమూ లేకుండా, కేవలం ఇష్టంతో చేసే సాహసానికే అనుమతి దొరకదు. మా పిల్లలకు కావలసింది ఆ రెండో అనుమతి.

ఇక మీ మనసులో రాగల అభ్యంతరం. గుర్రప్పందేలంటే జూదం కదా, పిల్లలకు ఎలా చూపిస్తామని. న్యాయమైన ప్రశ్నే. మహబూబాబాద్‌కు పేరిచ్చిన ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖానే హైదరాబాద్ రేసులను మౌలాలి నుంచి 1886లో తన మహల్ దగ్గరున్న మలక్‌పేటకు తెప్పించాడు. ఆ మలక్‌పేట పేరు వింటే గుండె మండే కుటుంబాలు మన జిల్లాల్లోనూ ఉన్నాయి. గుర్రప్పందెం నైపుణ్యం మీద ఆధారపడిన ఆట అని సుప్రీంకోర్టు 1996లో తమిళనాడు కేసులో తీర్పిచ్చింది. నైపుణ్యం గుర్రానిదీ జాకీదీ. టికెట్టు కొని ఇల్లు గుల్ల చేసుకున్నవాడి భార్యకు ఆ తీర్పు అన్నం పెట్టదు. ఇప్పుడైతే మలక్‌పేట దాకా పోనక్కరలేదు, బెట్టింగ్ యాప్‌లు జేబులోకే వచ్చాయి. వాటివల్ల అప్పులపాలైన మగపిల్లల వార్తలు వారానికొకటి చదువుతున్నాం. కాబట్టి ఆ మాట దాచవద్దు. సినిమా అయ్యాక పిల్లలను అడగండి, ఆ తల్లి నూరు కాసులు పెట్టింది జూదం మీదా, బిడ్డ మీదా అని. అక్కడి నుంచి చర్చ దానంతట అదే నడుస్తుంది. జూదం గురించి పది ఉపన్యాసాలు చేయలేని పని ఆ ఒక్క ప్రశ్న చేస్తుంది.

మరొక నిజం కూడా చెప్పాలి. గ్రాండ్ నేషనల్‌లో గుర్రాలు కూలి చనిపోయిన సందర్భాలు చాలా ఉన్నాయి. అక్కడి జంతు ప్రేమికులు ఏళ్ల తరబడి పోరాడారు. ప్రమాదాలు తగ్గించేందుకు 2024 నుంచి పోటీపడే గుర్రాల సంఖ్యను 40 నుంచి 34కు తగ్గించారు. సినిమాలో ఆ చేదు పెద్దగా కనిపించదు. పిల్లలు గుర్రాన్ని ప్రేమించడం నేర్చుకుంటే దాని ప్రాణం గురించి కూడా అడుగుతారు. అడగనివ్వండి.

తల్లి పాత్ర వేసిన ఆన్ రెవీర్ గురించి ఒక్క మాట రాయకుండా ఉండలేను. ఈ పాత్రకే ఆమెకు ఉత్తమ సహాయనటిగా ఆస్కార్ వచ్చింది. 1951లో కమ్యూనిస్టుల వేట పేరుతో అమెరికా ప్రతినిధుల సభ కమిటీ పిలిచి ప్రశ్నిస్తే జవాబు చెప్పడానికి నిరాకరించింది. దాదాపు 20 ఏళ్లు ఆమెకు సినిమా పాత్ర దక్కలేదు. దొడ్డి కొమరయ్య నేలకొరిగిన కడవెండి, చాకలి ఐలమ్మ ఎదురు నిలిచిన పాలకుర్తి ఉన్న జనగామ జిల్లాలో ఆ మౌనం ధర ఎంతో విడమరచి చెప్పక్కరలేదు.

సినిమా ఇంగ్లిష్‌లో ఉంది, రెండు గంటలు నడుస్తుంది. కింద అక్షరాలు వేస్తే తల్లులు చదవలేరు. దానికి నా దగ్గర ఒక ఆలోచన ఉంది. ఒగ్గు కథకుడు చుక్క సత్తయ్య గారు జనగామ జిల్లా లింగాల ఘనపురం మండలం మాణిక్యాపురం మనిషి. 2017లో వెళ్లిపోయారు గానీ ఆ కళ నేర్చినవాళ్లు ఈ నేల మీద ఉన్నారు. ఒకే మనిషి ఒక నిమిషం ఎల్లమ్మ, మరో నిమిషం రాజు అవుతాడు, డోలు దెబ్బతో కథను పరుగెత్తిస్తాడు. మూకీ సినిమాల కాలంలో తెర పక్కన నిలబడి కథ చెప్పే వ్యాఖ్యాతలు మన దేశంలో ఉండేవారు. మాటలున్న సినిమాకు అదే పద్ధతి ఎందుకు పనికిరాదు? ధ్వని తగ్గించి, పటం కథలో బొమ్మ చూపి చెప్పినట్టు, ఒగ్గు కళాకారులతో తెర పక్కన మన మాటల్లో చెప్పించండి. అరమింటీ పెట్టె తెరిచే చోట డోలు ఆపమనండి. ఎయింట్రీ పందెంలో పూర్తిగా వాయించమనండి. లంబాడా తండాల పిల్లలు ఎక్కువగా ఉన్నచోట గోర్‌బోలీలో చెప్పగలిగేవాళ్లు దొరికితే మరీ మంచిది. ఆ కళాకారులకు ఇచ్చే పారితోషికం గౌరవంగా ఉండాలి, శాలువాతో సరిపెట్టవద్దు.

సినిమా హక్కులు ఇప్పుడు వార్నర్ బ్రదర్స్ దగ్గర ఉన్నాయి. బడి పిల్లలకు ఉచిత ప్రదర్శన కోసమని జిల్లా యంత్రాంగం తరఫున అడిగి, అనుమతి తీసుకొనే చూపించండి. ఎవరో నెట్‌లోంచి దించిన కాపీ వద్దు. నియమం పాటించి పని సాధించడం కూడా పిల్లలు చూడాలి.

ఇంకొక్క కోరిక. మా పిల్లల్లో చాలామంది గుర్రాన్ని దగ్గరగా చూసింది పెళ్లి బరాత్‌లోనే, మెడకు లైట్ల దండలు, చెవుల పక్కన బ్యాండు మోతతో. హైదరాబాద్‌లో నగర పోలీసుల అశ్వదళం ఉంది. సినిమా చూసిన వారంలోపు కొందరు పిల్లలనైనా అక్కడికి తీసుకెళ్లి, గుర్రం మెడ మీద చెయ్యి వేయనివ్వండి. గుర్రాన్ని పెంచే పని, తిండి, డెక్కకు లాడం కొట్టే విధానం అక్కడి సిబ్బందితో చెప్పించండి. పశువైద్యం చదువుదామనే ఆలోచన ఒక్క పిల్లకు అక్కడ పుట్టినా చాలు.

తల్లులను పిలిచే పద్ధతి గురించి కూడా చెబుతాను. పేరెంట్స్ మీటింగ్ అని రాసి పంపితే తండ్రులు వస్తారు, సంతకం పెట్టి వెళతారు. తల్లుల పేరు మీద విడిగా చీటీ పంపండి. ఆదివారం పెట్టండి. పత్తి ఏరే రోజుల్లో, నాట్ల రోజుల్లో వద్దు. ఆ రోజు కూలి పోతుందనుకునే తల్లికి బస్సు చార్జీ, మధ్యాహ్నం భోజనం ఏర్పాటు చేయండి. సినిమా అయ్యాక మైకు పట్టుకొని ముందుగా మీరు మాట్లాడకండి. తల్లులను మాట్లాడనివ్వండి. చిన్నప్పుడు మీరు ఏ ఆట ఆడేవారు, ఎప్పుడు మానేశారు, ఎవరు మాన్పించారు అని అడిగించండి. ఒక్కొక్కరిలో ఒక్కో అరమింటీ బయటికి వస్తుంది. తమ తల్లి చెరువు ఈదేదని, చింతచెట్టు ఎక్కేదని, కబడ్డీలో మగపిల్లలను పట్టేసేదని ఆ రోజే మొదటిసారి వినే పిల్లలు చాలామంది ఉంటారు.

మొదటి ప్రదర్శన మానుకోటలో పెట్టండి, తర్వాత జనగామ, ఆ తర్వాత భూపాలపల్లి. ఈ విద్యా సంవత్సరం ముగిసి పిల్లలు ఇళ్లకు వెళ్లకముందే జరగాలి. తొమ్మిదో తరగతి పిల్లల్లో కొందరు ఆ సెలవుల నుంచి తిరిగి రారు, వాళ్లకు ఇది ఇప్పుడే అందాలి. ఒగ్గు కళాకారులతో కూర్చొని సినిమా కథను మన మాటల్లోకి రాసే పని నేను చేస్తాను. దానికి నాకు జీతభత్యాలు అక్కరలేదు. మీ ముగ్గురిలో ఎవరు ముందు పిలిస్తే వారి దగ్గరికి వస్తాను.

ఇట్లు,
మానుకోట నుంచి
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు